మాట ఒప్పించే తీరు

అలంకారశాస్త్రం అనగానే తెలుగు చదువుకొన్న చాలామందికి గుర్తుకు వచ్చేది పరీక్షాపత్రం. లక్షణం చెప్పి, లక్ష్యం చూపి, సమన్వయం చేసినవాడికి నిండుగా మార్కులు పడేవి. ఉపమకు ఆకాశగంగలో మునిగే హంస, ఉత్ప్రేక్షకు పొగవంటి చీకటి, అర్థాంతరన్యాసానికి సముద్రం దాటిన హనుమంతుడు. ఈ మూడింటినీ వెంటబెట్టుకొని వెళ్తే గట్టెక్కినట్లే. పరీక్ష ముగియగానే హంస ఎగిరిపోయేది, చీకటి విచ్చిపోయేది. హనుమంతుడు మాత్రం ఎందుచేతనో నా దగ్గర నిలిచిపోయాడు.

హనుమంతుడు సముద్రం దాటాడని ఒక వాక్యం. మహాత్ములకు అసాధ్యమేముంటుందని రెండవ వాక్యం. మొదటిది ఒకానొక సంగతి, రెండవది లోకమంతటికీ చెల్లే సూత్రం. సంగతిని సూత్రం బలపరిచింది కాబట్టి ఇది అర్థాంతరన్యాసం. తరగతిలో ఈ పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకొక సందేహం కలిగేది. హనుమంతుడు నిజంగా దాటాడా లేదా అన్నదానికి ఆ రెండవ వాక్యం ఏమైనా సాక్ష్యం చెబుతున్నదా? ఏమీ చెప్పడం లేదు. అయినా అది విన్న మీదట దాటే ఉంటాడనిపిస్తుంది. తల దానంతట అదే ఊగుతుంది. ఆ ఊగడమే ఈ అలంకారం చేసే పని. అందానికి పెట్టిన నగ అని మనం అనుకొన్నది, చూడగా చూడగా, ఒక పనిముట్టు.

ఈ రహస్యం మన పూర్వులకు బాగా తెలుసు. 11వ శతాబ్దిలో కాశ్మీర దేశీయుడైన మమ్మటుడు ఉపదేశించే మాటను మూడు విధాలుగా విభజించాడు. వేదం ప్రభువువలె ఆజ్ఞాపిస్తుంది. పురాణం మిత్రునివలె నచ్చజెబుతుంది. కావ్యం ప్రియురాలివలె మనసు కరిగించి తన త్రోవకు తిప్పుకొంటుంది. అంతకు దాదాపు 1,400 సంవత్సరాల ముందే గ్రీసు దేశంలో అరిస్టాటిల్ మరొక వైపు నుంచి లెక్కకట్టి, మాటకు బలం మూడు చోట్ల నుంచి వస్తుందన్నాడు: చెప్పేవాని శీలం మీద వినేవారికి కలిగే నమ్మకం, వినేవారి హృదయంలో రేగే భావం, చెప్పిన దానిలోని యుక్తి. కళాశాలలో ఇంగ్లీషు వ్యాసాలు చదివే విద్యార్థులు ఈథాస్, పేథాస్, లోగోస్ అంటూ నేటికీ వల్లించేవి ఈ మూడే. మమ్మటుడు గొంతును చూశాడు; అరిస్టాటిల్ బలం పుట్టే చోటును చూశాడు. నా మటుకు నాకు రెండూ కావాలి.

అయితే లక్షణాలు ఎన్ని చెప్పుకొన్నా లక్ష్యం లేనిదే లాభం లేదు. ఒప్పించే మాటకు మన వాఙ్మయంలో నాకు తెలిసిన గొప్ప లక్ష్యం భారవి కిరాతార్జునీయంలోని మొదటి రెండు సర్గలు. 634 నాటి ఐహొళె శాసనంలో రవికీర్తి కాళిదాసుతో పాటు భారవినీ పేర్కొన్నాడు కాబట్టి, అప్పటికే ఆయన కీర్తి దక్షిణాపథంలో స్థిరపడిందన్నమాట. ఈ కావ్యాన్ని మనం సాధారణంగా మల్లినాథసూరి చేయి పట్టుకొని చదువుతాం. కోలాచలం వారి వంశానికి చెందిన ఆ తెలుగు పండితుడు తన వ్యాఖ్యకు ఘంటాపథమని పేరు పెట్టాడు, రాజమార్గమని అర్థం. భారవి మాటను కొబ్బరికాయతో పోల్చినదీ ఆయనే: పైన పెంకు, లోపల తీపి. పదాలు విడదీసి, అర్థం చెప్పి, ఇందులో ఫలానా అలంకారమున్నదని పొడిగా ఒక మాట అని ఆయన ముందుకు సాగిపోతాడు. ఎంత ఆవేశపూరితమైన పద్యమైనా సరే, ఆయన కంఠం మారదు. విద్యార్థి దశలో ఆ పొడితనం నాకు విసుగు పుట్టించేది. ఇప్పుడు దాని విలువ తెలుస్తున్నది. వైద్యుడు నాడి పట్టుకొని చూసేటప్పుడు రోగితో పాటు ఏడుస్తూ కూర్చోడు గదా!

కథ మీరెరిగినదే. జూదంలో ఓడిన పాండవులు ద్వైతవనంలో ఉన్నారు. హస్తినాపురం సంగతి తెలుసుకొని రమ్మని ధర్మరాజు ఒక వనచరుణ్ణి బ్రహ్మచారి వేషంలో పంపాడు. వాడు తిరిగివచ్చి చెప్పిన వార్త చేదుగా ఉన్నది. కపటంతో గెలిచిన రాజ్యాన్ని దుర్యోధనుడు ఇప్పుడు సుపరిపాలనతో గెలుచుకొంటున్నాడు. కురుభూములు వానకు ఎదురుచూడకుండానే పండుతున్నాయి. సేవకులు స్నేహితులవలె మెలగుతున్నారు. ఆ మాటలు ద్రౌపది చెవిన పడ్డాయి. ఆమె మాట్లాడింది.

ఆ ఉపన్యాసాన్ని వివేచనతో చదివితే ఆశ్చర్యం వేస్తుంది. మీవంటివారికి స్త్రీ ఉపదేశం చేయడం ధిక్కారంవంటిదే, అయినా నా దుఃఖం నన్ను ఊరుకోనివ్వడం లేదని ఆమె మొదలుపెడుతుంది. మాట్లాడే అర్హత తనకు లేదన్న మాటతోనే ఆ అర్హతను సంపాదించుకొన్నది. అరిస్టాటిల్ చెప్పిన మొదటి బలం ఇదే. తరువాత ఒక్కొక్క తమ్ముణ్ణీ వేలెత్తి చూపిస్తుంది. ఎర్రచందనం పూసుకొని రథమెక్కి తిరిగిన భీముడు దుమ్ము కొట్టుకొని కాలినడకన కొండల్లో తిరుగుతున్నాడు. ఉత్తర దేశాలను జయించి ధనరాశులు తెచ్చిపోసిన అర్జునుడు ఇప్పుడు నారచీరలు తెచ్చి ఇస్తున్నాడు. కవలలు కటికనేల మీద పడుకొని అడవి ఏనుగులవలె మొరటుదేరారు. ఇక రాజు సంగతి: మేలైన శయ్య మీద స్తుతిగీతాలు విని మేల్కొన్నవాడు, దర్భలు పరుచుకొన్న నేల మీద నక్కల కూతలకు లేస్తున్నాడు. అప్పుడు, ఇప్పుడు; అప్పుడు, ఇప్పుడు. ఆ రెండు చిత్రాల నడుమ ఆమె ఏ వ్యాఖ్యా చేయదు. ఇది చూసి నీ మనసు నొచ్చుకోదా, నీకు కోపం ఎందుకు రాదు అని అడుగుతుంది, అంతే.

ఈ అడగడానికి మన శాస్త్రంలో కాకువు అని పేరు. ప్రశ్న రూపంలో ఉంటుంది గాని జవాబు కోరదు. కంఠధ్వనిలోని విరుపే జవాబు చెబుతుంది. వినేవాడు తన నోటితో అనకుండానే ఒప్పుకొన్నవాడవుతాడు. అచ్చులో విరుపు కనిపించదు కాబట్టి రచయితలు ప్రశ్నార్థకం పెట్టి ఊరుకొంటారు. ఏదైనా విజ్ఞప్తిలోనో వ్యాసంలోనో వరుసగా నాలుగు ప్రశ్నలు కనిపిస్తే నేను ఆగి, ఒక్కొక్క దానికి నిజంగా జవాబు రాసుకొని చూస్తాను. సగం ప్రశ్నలకు జవాబు ఆ రచయిత ఆశించినది కాదని తేలుతుంది.

ద్రౌపది వాదంలో ఒక్కచోట నేల మెత్తగా ఉన్నది. పదమూడేళ్ళ గడువుకు ధర్మరాజు మాట ఇచ్చాడు. యుద్ధం ఇప్పుడే చేయాలంటే ఆ మాట తప్పాలి. మిగిలినదంతా ఎంత కదిలించేదైనా, అసలు చిక్కుముడి ఇదే. ఆమె దానిని దాటవేయలేదు, కాని ఉపన్యాసం చివరి దాకా ఆగింది. శత్రువులు వంచనకు పూనుకొన్నప్పుడు ఒప్పందం కాపాడుకోవడం నీకు తగదన్నది. ఎందుకు తగదు? గెలుపు కోరే రాజులు ఏదో ఒక నెపంతో సంధిని చెడగొడుతూనే ఉంటారు గదా, అన్నది! మన హనుమంతుడు మళ్ళీ సముద్రం దాటాడు. ఒక రాజు ఇచ్చిన ఒక మాట సంగతి తేల్చవలసిన చోట, రాజులందరి గురించి ఒక సూత్రం వచ్చి కూర్చున్నది. యుక్తి పలచబడిన చోటనే అర్థాంతరన్యాసం దిగడం గమనించండి. ఇది భారవి లోపమని నేననను. దుఃఖంలో ఉన్న మనిషి ఎలా వాదిస్తుందో ఆయనకు తెలుసు.

రెండవ సర్గలో భీముడు ఆమెను బలపరుస్తాడు. అప్పుడు ధర్మరాజు చేసిన పని నాకు అన్నిటికంటె ఇష్టం. కాదనడానికి ముందు ఆయన తమ్ముని మాటను పరిశీలించి మెచ్చుకొంటాడు. పదాలు స్పష్టంగా ఉన్నాయట, అర్థగౌరవం తగ్గలేదట, ఒక్కొక్క మాట తన అర్థం తాను చెప్పిందట, యుక్తి చూపాడు గాని శాస్త్రాన్ని గాయపరచలేదట. ఇంత మెచ్చిన తరువాత, తొందరపడి ఏ పనీ చేయరాదంటూ తన నిర్ణయం చెబుతాడు. మాటలోని సొగసును విడిగా తీసి పక్కన పెట్టి, దానికి ఇవ్వవలసిన మర్యాద ఇచ్చి, మిగిలిన విషయాన్ని తూచాడు. విమర్శకుడంటే ఇతడే అనిపిస్తుంది. అయితే తొందరపడరాదన్న ఆయన మాట కూడా సూత్రమే. పండితుల ఇళ్ళలో దాని మీద ఒక కథ చెప్పుకొంటారు. పేదరికంలో భారవి ఆ శ్లోకాన్ని ఒక వర్తకుని దగ్గర తాకట్టు పెట్టాడట. వర్తకుడు దానిని పడకగదిలో వేలాడదీసి దూరదేశం పోయి, ఏళ్ళ తరబడికి తిరిగివచ్చి, భార్య పక్కన ఒక యువకుడు నిద్రించడం చూసి కత్తి ఎత్తాడట. శ్లోకం కంటబడి చేయి ఆగిందట. ఆ యువకుడు అతని కొడుకే. సూత్రవాక్యాలన్నీ మోసమేనని ఎవరైనా అంటే ఈ కథ చెప్పాలి. ఒక సూత్రం మనను పనికి ఉరికిస్తున్నదా, ఆపి చూడమంటున్నదా అన్నది కొంత తేడా కలిగించే సంగతే.

పొగిడి తెగడడం మరొక జాతి. వ్యాజస్తుతి అని దానికి పేరు. షేక్స్పియర్ జూలియస్ సీజర్ నాటకంలో ఆంటొని చేసిన అంత్యక్రియల ప్రసంగం మన దేశంలో ఎన్ని తరాల విద్యార్థులు చదివారో! సీజరును చంపినవారిని అతడు ఆద్యంతం గౌరవనీయులనే అంటాడు. అదే మాట తిరిగి తిరిగి వచ్చేసరికి, ఒక్క అక్షరం మారకుండానే, తిట్టుగా మారిపోతుంది. ఆ మార్పు జరిగింది ఆంటొని నోట్లో కాదు, గుంపు చెవిలో. తాను తిట్టానని ఎవరూ నిరూపించలేరు. వ్యాజస్తుతి చేసేవానికి ఉన్న భద్రత ఇదే.

ఇంతవరకు చెప్పుకొన్నవి మనసును కదిలించే ఉపాయాలు. బుద్ధిని తప్పుదోవ పట్టించే ఉపాయాలకు పేర్లు కావాలంటే అలంకారశాస్త్రం వదిలి న్యాయశాస్త్రం గడప తొక్కాలి. గౌతముని న్యాయసూత్రాలు చర్చను మూడు రకాలన్నాయి. సత్యం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాణ్ణి పడగొట్టడానికే చేసేది వితండ. తెలుగులో మనం వాదం, వితండవాదం ఉంచుకొని జల్పాన్ని ఊరకే వాగడంగా మార్చేశాం. ఆ మాట పోవడం నష్టమే. మన సభల్లో జరిగేది చాలావరకు అదే గనుక దానికొక పేరు ఉండవలసింది.

ఈ శాస్త్రంలో ఛలం అని ఒకటుంది. దానికి ప్రాచీనులు ఇచ్చిన ఉదాహరణ చాలా సరదాగా ఉంటుంది. ఒక కుర్రవాడు నవకంబళం కప్పుకొన్నాడని ఒకరన్నారు, కొత్త కంబళి అన్న ఉద్దేశంతో. నవ అంటే తొమ్మిది కూడా గనుక, తొమ్మిది కంబళులెక్కడివి, ఉన్నది ఒక్కటే గదా అని ఎదుటివాడు ఖండించాడు. ఇది వాక్ఛలం. ఒక మాటకు రెండర్థాలుండడం శ్లేష. ఇద్దరూ తెలిసి ఆడుకొంటే వినోదం. ఒకరు ఒక అర్థంతో అన్నదాన్ని మరొకరు మరొక అర్థానికి లాగితే ఛలం. సరుకు ఒకటే, వాడిన చేయి వేరు.

1996లో మా బాబాయి ఉద్యోగ విరమణ చేసి చేతికి వచ్చిన డబ్బు ఏమి చేయాలా అని ఆలోచిస్తున్నప్పుడు, ఈ పేర్లన్నీ నాకు ఒక్కసారిగా పనికివచ్చాయి. డిపాజిట్లు సేకరించే ఒక కంపెనీ నుంచి ఆయనకు ఉత్తరం వచ్చింది. మంచి తెలుగు. రాసినవాడెవరో చదువుకొన్నవాడే. బాబాయి దానిని నాకిచ్చి, "ఒకసారి చదివి పెట్టరా, నీకు ఇటువంటివి తెలుస్తాయి గదా" అన్నారు. 

మీవంటి దూరదృష్టి గల పెద్దలకు మేము చెప్పవలసినది లేదని ఉత్తరం మొదలయింది. ఇది ద్రౌపది ప్రారంభమే. మీ కష్టార్జితానికి తగిన ఫలం వద్దా, మీ పిల్లలు రేపు మిమ్మల్ని చూసి గర్వపడవద్దా అని నడిమధ్యన ప్రశ్నలు. కాకువు. మీ సొమ్ము రెట్టింపు వరకు పెరుగుతుందన్నారు. ఈ 'వరకు' అన్న చిన్న మాట దగ్గర నేను పెన్సిలుతో గీత గీశాను. చదివేవానికి రెట్టింపు కనబడుతుంది. తగాదా వస్తే రాసినవానికి 'వరకు' మిగులుతుంది. నవకంబళమే. ఇరవై ఏళ్ళుగా నిలిచిన సంస్థ గనుక మీ సొమ్ము భద్రమన్నారు. ఇక్కడ హేతువుకూ ప్రతిజ్ఞకూ నడుమ ఒక మెట్టు మింగేశారు: ఇరవై ఏళ్ళు నిలిచినది ఎన్నటికీ పడదు అన్న మెట్టు. దానిని బయటికి తీసి రాస్తే ఎవరూ ఒప్పుకోరు. లోపలే ఉంచితే ఎవరూ అడగరు. ఇటువంటి మింగిన మెట్టు గల యుక్తిని అరిస్టాటిల్ ఎంథిమీమ్ అన్నాడు. మన నైయాయికులు అడిగి ఉంటే ఆ హేతువు సవ్యభిచారమని, అంటే సాధ్యం లేని చోట కూడా కనిపించే హేతువని, ఒక్క మాటలో తేల్చేవారు. ఏళ్ళ తరబడి నిలిచి ఆ తరువాత కూలిన సంస్థలు లోకంలో కొల్లలు. ఇక అంత వడ్డీ ఏ వ్యాపారం మీద వస్తుంది? ఆ వాక్యం ఉండవలసిన చోట ఆలస్యం అమృతం విషమని ఉన్నది. నేను వెతుకుతూనే ఉన్నాను; హనుమంతుడు అక్కడే ఉన్నాడు.

నేను ఇదంతా వివరిస్తే బాబాయి ఎంతో శ్రద్ధగా విన్నారు. నవ్వారు కూడా. "ఉత్తరం సంగతి నువ్వు చెప్పినట్టేరా. కాని తెచ్చి ఇచ్చింది మనవాడు" అన్నారు. తెచ్చినవాడు ఆయన చిన్ననాటి స్నేహితుని కొడుకు, ఆ కంపెనీకి ఏజెంటు. ఆ ఒక్క మాటకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఉత్తరంలో లేని దానిని పెన్సిలుతో ఎలా గీయడం? డబ్బులో ఎక్కువ భాగం తపాలా కార్యాలయంలోనూ, మిగిలినది, సుమారు మూడవ వంతు, కంపెనీలోనూ వేశారు. మూడవ ఏడు కంపెనీ తలుపులకు తాళం పడింది.

చాలాకాలం తరువాత తర్కసంగ్రహం తిరగవేస్తూ ఆప్తవాక్యమన్న చోట ఆగిపోయాను. 17వ శతాబ్ది నాటి ఈ చిన్న పుస్తకం రాసిన అన్నంభట్టు తెలుగువాడు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం తరువాత శబ్దమూ ఒక ప్రమాణమేనని, అయితే అది ఆప్తుని మాట అయి ఉండాలని నైయాయికులు చెబుతారు. ఆప్తుడెవరు? ఉన్నదున్నట్టు పలికేవాడు. అంతకు పూర్వుడైన వాత్స్యాయనుడు ఇంకా విడమరచి చెప్పాడు. విషయాన్ని తాను స్వయంగా ఎరిగి ఉండాలి, ఎరిగినదానిని ఎరిగినట్టే తెలియజేయాలన్న కోరిక ఉండాలి. ఈ రెండూ ఉంటే చాలు, ఋషి అయినా ఆర్యుడైనా మ్లేచ్ఛుడైనా ఒకటే లక్షణం అన్నాడు. కులం అడగలేదు, ఊరు అడగలేదు, చుట్టరికం అడగలేదు.

తెలుగులో ఆప్తుడంటే ఎవరు? దగ్గరివాడు, కావలసినవాడు, మనవాడు. శాస్త్రంలో ఎరుకకూ నిజాయితీకీ పెట్టిన పేరు మన వాడుకలో దగ్గరితనానికి మారిపోయింది. ఎప్పుడు మారిందో గాని, ఎందుకు మారిందో ఊహించవచ్చు. మనకు నమ్మకం వచ్చేది ఆ త్రోవనే. బాబాయి నమ్మినది ఆప్తుణ్ణే, తెలుగు ఆప్తుణ్ణి. ఆ కుర్రవాడు అబద్ధమాడలేదు. తన తల్లి పేరు మీద ఉన్న నాలుగు రూపాయలూ అందులోనే పెట్టాడని తరువాత తెలిసింది. వాత్స్యాయనుడు చెప్పిన రెండు లక్షణాలలో చెప్పాలన్న కోరిక అతనికి నిండుగా ఉన్నది. ఎరుకే లేదు.

కంపెనీ మూతపడిన కొన్ని నెలలకు అతడు మా బాబాయి ఇంటికి వచ్చి మెట్ల కిందనే నిలబడ్డాడు. నేనూ అక్కడే ఉన్నాను. బాబాయి అతణ్ణి పైకి పిలిచి కూర్చోబెట్టి, పిన్నిని కాఫీ పెట్టమన్నారు. తిట్టలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా మాట్లాడనూ లేదు. చివరికి మెల్లగా ఒక్కటే అడిగారు. 

"వాళ్ళ లెక్కల పుస్తకం నువ్వెప్పుడైనా కళ్ళారా చూశావా, నాయనా?"

"లేదు మామయ్యగారూ" అన్నాడు అతడు. "వాళ్ళు చెబితే విన్నాను."